వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్క్‌లో చొరబాట్లను పట్టుకోవడం: కౌంటర్ల నుంచి నమ్మదగిన అలారం దాకా సమగ్ర మార్గదర్శి

సెన్సర్ నెట్‌వర్క్‌లోకి చొరబడ్డవాడు చేసే చేటుకూ, బ్యాటరీ అయిపోవచ్చిన నోడ్ (సెన్సరూ రేడియోా ఉన్న చిన్న పరికరం) చేసే చేటుకూ పైకి పెద్ద తేడా కనిపించదు. రెండింటిలోనూ ప్యాకెట్లు తగ్గుతాయి, రీట్రైలు పెరుగుతాయి, రూట్లు మారిపోతాయి. అందుకే ఇక్కడ అసలు కష్టం దాడిని చూడటంలో లేదు, దాడి కానిదాన్ని పక్కన పెట్టడంలో ఉంది. ఇక్కడ చెప్పేదంతా 2.4 గిగాహెర్ట్జ్ ఐఈఈఈ 802.15.4 (తక్కువ శక్తి వైర్‌లెస్ ప్రమాణం) రేడియోలు, వాటి మీద ఆర్‌పీఎల్ రౌటింగ్ (ప్యాకెట్లకు దారి ఎంచే ప్రొటోకాల్), 20 నుంచి 100 దాకా నోడ్లు, ఒక సింక్ (డేటా అంతా చేరే కేంద్ర నోడ్) ఉన్న నెట్‌వర్క్ గురించి. వేరే రేడియో వాడితే కౌంటర్ల పేర్లు మారతాయి గానీ పద్ధతి ఇదే: నోడ్ లెక్కపెట్టాలి, సింక్ తేల్చాలి. తీర్పు చెప్పే పని నోడ్‌కు అప్పగించిన చోటల్లా బ్యాటరీ పోతుంది, పైగా ఆ తీర్పు తప్పు అవుతుంది.

1. ముందు తాళం, తర్వాత కాపలా

లింక్ లేయర్‌లో (పక్కపక్క నోడ్ల మధ్య) ఏఈఎస్-128 ఎన్‌క్రిప్షన్ భద్రత ఆన్ చేయకుండా చొరబాటు గుర్తింపు మొదలుపెట్టకండి. ప్రతి ఫ్రేముకూ (రేడియో మీద వెళ్ళే ప్యాకెట్‌కు) ఎంఐసీ, అంటే దాన్ని ఎవరూ మార్చలేదని చూపే కోడ్, తప్పనిసరి. 4, 8, 16 బైట్లలో ఏదైనా ఎంచుకోవచ్చు, చాలా నెట్‌వర్క్‌లకు 4 సరిపోతుంది. ఇది ఉంటే కీ లేని బయటివాడు చేయగలిగేవి మూడే మిగులుతాయి: జామింగ్ (రేడియో గోలతో అడ్డుకోవడం), పాత ఫ్రేములను మళ్ళీ ప్రసారం చేయడం (రీప్లే), ఒక చోటి ఫ్రేములను మరో చోటికి మోసుకెళ్ళడం. మిగతా దాడులన్నీ కీ సంపాదించినవాడు, అంటే ఒక నోడ్‌ను ఎత్తుకుపోయి డీబగ్ పోర్ట్ ద్వారా మెమరీ చదివినవాడు చేసేవి. నెట్‌వర్క్ మొత్తానికీ ఒకే కీ ఉంటే ఒక్క నోడ్ పోయినా అంతా పోయినట్టే. వీలైతే జతకో కీ పెట్టండి. జిగ్‌బీ (802.15.4 మీదే నడిచే మరో ప్రొటోకాల్) వాడేవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. చేరిక సమయంలో వాడే డీఫాల్ట్ లింక్ కీ ‘జిగ్‌బీఅలయన్స్09’ అనే, అందరికీ తెలిసిన మాట. కొత్త నోడ్ చేరుతున్న ఆ కొద్ది సెకన్లు ఎవరైనా వింటే నెట్‌వర్క్ కీ వాళ్ళ చేతికి వెళ్తుంది.

ఫ్రేమ్ కౌంటర్ దగ్గర చాలామంది దెబ్బతింటారు. ఇది 4 బైట్ల సంఖ్య, పెరుగుతూనే ఉండాలి. నోడ్ రీబూట్ అయి కౌంటర్ సున్నా నుంచి మొదలైతే పక్క నోడ్లు దాని ఫ్రేములన్నిటినీ పాతవిగా లెక్కగట్టి పారేస్తాయి. మీ సిస్టమ్ దాన్ని రీప్లే దాడి అంటుంది. అంతకన్నా ప్రమాదం ఏమిటంటే, అదే కీతో అదే కౌంటర్ రెండోసారి వాడితే నాన్స్ (ఒక్కసారే వాడాల్సిన సంఖ్య) పునరావృతమై ఎన్‌క్రిప్షనే బలహీనపడుతుంది. ప్రతి 1,000 ఫ్రేములకు ఒకసారి కౌంటర్‌ను ఫ్లాష్‌లో రాసి, బూట్ అయినప్పుడు చదివిన విలువకు 1,000 కలిపి మొదలుపెట్టించండి. ఫ్లాష్ అరగదు, కౌంటర్ వెనక్కి పోదు.

2. శక్తి లెక్క వేయండి

పక్క నోడ్ తన ప్యాకెట్‌ను ముందుకు పంపిందో లేదో విని చూసే వాచ్‌డాగ్ పద్ధతి కాగితం మీద చాలా బాగుంటుంది. సీసీ2420 రేడియో వినడానికి 18.8 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. 2,500 మిల్లీఆంపియర్-అవర్ల బ్యాటరీ మీద ఎడతెగకుండా వింటే 133 గంటలు, అంటే ఐదున్నర రోజులు. అదే 1 శాతం సమయమే వింటే సుమారు 550 రోజులు (రేడియో వాటా వరకే చూస్తే). దానికి గుర్తింపు కోసం ఇంకో 1 శాతం వినడం కలిపారంటే ఆయుష్షు సగమవుతుంది. అందుకని బ్యాటరీ నోడ్ల చేత అదనంగా ఏమీ విననివ్వకండి. అవి ఎలాగూ చూస్తున్నవాటిని లెక్కపెడితే చాలు. వినే పనికి కరెంటు సరఫరా ఉన్న మానిటర్లు పెట్టండి.

3. నోడ్‌లో 20 బైట్ల ఆరోగ్య సారాంశం

ప్రతి 10 నిమిషాలకు ఒకసారి ప్రతి నోడ్ ఈ సారాంశాన్ని సింక్‌కు పంపాలి.

- రెండేసి బైట్లవి: పేరెంట్ (సింక్ వైపు ప్యాకెట్లు తీసుకునే పై నోడ్) ఐడీ, ర్యాంక్ (సింక్ నుంచి ఎంత దూరమో చెప్పే సంఖ్య), సొంతంగా పంపిన ప్యాకెట్లు, ముందుకు పంపడానికి అందుకున్నవి, ముందుకు పంపినవి. మొత్తం 10.
- ఒక్కో బైటువి: క్యూ నిండి పారేసినవి, రీట్రైలు, పేరెంట్ ఆర్‌ఎస్‌ఎస్‌ఐ (సిగ్నల్ బలం) సగటు, నాయిస్ ఫ్లోర్ (సిగ్నల్ లేనప్పుడు ఉండే గోల స్థాయి), సీఆర్‌సీ (దెబ్బతిన్న ఫ్రేమును పట్టే కోడ్) వైఫల్యాలు, ఎంఐసీ వైఫల్యాలు, రీప్లేగా పారేసినవి, వచ్చిన డీఐఓలు (నోడ్ తన ర్యాంక్, వెర్షన్ చాటే ఆర్‌పీఎల్ సందేశాలు), వచ్చిన డీఐఎస్‌లు (డీఐఓ పంపమని అడిగేవి), రీబూట్ల సంఖ్య. ఇవీ 10.

ఒక్క బైటు కౌంటర్లలో రీబూట్ల సంఖ్య తప్ప మిగతావి ఏ కిటికీకి (10 నిమిషాల వ్యవధికి) ఆ కిటికీ సున్నా నుంచి మొదలవ్వాలి. 255 దాటితే మళ్ళీ సున్నాకు తిరగకూడదు, 255 దగ్గరే ఆగాలి. లేకపోతే 260 ఎంఐసీ వైఫల్యాలు మీకు 4గా కనిపిస్తాయి, ఏ అలారమూ మోగదు. నాయిస్ ఫ్లోర్‌ను ప్యాకెట్ ఏదీ రాని సమయంలో, రేడియో ఎలాగూ మేలుకున్నప్పుడు కొలవండి.

802.15.4 ఫ్రేము గరిష్ఠంగా 127 బైట్లు. సెన్సర్ రీడింగ్ ప్యాకెట్‌కే ఈ 20 బైట్లు తగిలిస్తే కొన్నిసార్లు హద్దు దాటి 6లోప్యాన్ (ఐపీ ప్యాకెట్లను ఈ ఫ్రేముల్లో ఇమిడ్చే పొర) దాన్ని రెండు ముక్కలు చేస్తుంది. ఏ ముక్క పోయినా రెండూ పోయినట్టే, దాంతో మీరు పెట్టిన గుర్తింపు వల్లే ప్యాకెట్ నష్టం పెరుగుతుంది. చోటు చాలదనుకుంటే సారాంశాన్ని విడి ప్యాకెట్‌గా పంపండి.

డేటా ప్యాకెట్లలో 16 బిట్ల సొంత వరుస సంఖ్య కూడా పెట్టండి. మ్యాక్ హెడర్‌లోని (ఫ్రేము ముందు భాగంలోని) వరుస సంఖ్య 8 బిట్లదే, 256 దగ్గర తిరిగిపోతుంది. పైగా అది ఒక్క హాప్‌కే (నోడ్ నుంచి పక్క నోడ్ దాకా) చెందింది కాబట్టి సింక్‌కు ఉపయోగపడదు.

4. మానిటర్లు

ఎన్ఆర్ఎఫ్52840 డాంగుల్ (యూఎస్‌బీ రేడియో) లాంటిదాన్ని చిన్న కంప్యూటర్‌కు తగిలించి, స్నిఫర్ (గాలిలోని ఫ్రేములు వినే) ఫర్మ్‌వేర్ ఎక్కించి, వైర్‌షార్క్ ప్రోగ్రామ్‌తో ఫ్రేములు పట్టుకోవచ్చు. మూడింటిలో ఒకటి సింక్ దగ్గర పెట్టండి. మిగతా రెండింటినీ ఎక్కువ ట్రాఫిక్ మోసే నోడ్ల పక్కన పెట్టండి. ఒక డాంగుల్ ఒకసారికి ఒక చానల్‌నే వింటుంది. టీఎస్‌సీహెచ్ లాగా చానల్ మారుతూ ఉండే నెట్‌వర్క్‌లో ఒక్క డాంగుల్‌తో చూసేది కొద్ది భాగమే. అక్కడ నోడ్ల కౌంటర్ల మీదే ఎక్కువ ఆధారపడాలి.

పేలోడ్ ఎన్‌క్రిప్ట్ అయినా మ్యాక్ హెడర్, పొడవు, సమయం, ఆర్‌ఎస్‌ఎస్‌ఐ తెలుస్తూనే ఉంటాయి. చాలా నిబంధనలకు ఇవి చాలు. ర్యాంక్ చదవాలంటే మాత్రం కీ కావాలి. ఆ కీని మానిటర్ కంప్యూటర్‌లో పెడితే అదే కొత్త కన్నం. ర్యాంక్ ఎలాగూ సారాంశంలో వస్తోంది కాబట్టి మానిటర్‌కు కీ ఇవ్వకండి.

5. మామూలు రోజు ఎలా ఉంటుందో నమోదు చేయండి

కనీసం 14 రోజుల డేటా కావాలి, సెలవు రోజులు కూడా అందులో కలవాలి. మనుషులు తిరిగే భవనంలో వైఫై, తలుపులు, మైక్రోవేవ్ ఓవెన్లు వారం వరుసను బట్టి మారతాయి. ఆరుబయట ఎండ పెరిగితే ఆర్‌ఎస్‌ఎస్‌ఐ కొన్ని డెసిబెల్స్ తగ్గుతుంది, ఆకులు ముదిరినా తగ్గుతుంది.

ప్రతి నోడ్‌కూ, ప్రతి కొలతకూ విడిగా మధ్యగతం తీయండి. సగటు వద్దు, ఒక్క చెడ్డ రోజు దాన్ని లాగేస్తుంది. విస్తృతికి మధ్యగతం నుంచి దూరాల మధ్యగతాన్ని 1.4826తో గుణించి సిగ్మాగా వాడండి. ఇక్కడ ఒక చిక్కుంది. ఎంఐసీ వైఫల్యాల వంటివి ఎప్పుడూ సున్నాయే కాబట్టి సిగ్మా కూడా సున్నా అవుతుంది, తర్వాత దానితో భాగించాల్సి వస్తుంది. ప్రతి కొలతకూ ఒక కనీస సిగ్మా పెట్టండి: ఆర్‌ఎస్‌ఎస్‌ఐకి 1 డెసిబెల్, లెక్కలకు 1.

చొరబాటుదారు ముందే లోపల ఉంటే? నేర్చుకునే దశలోనే అతని ప్రవర్తన మామూలైపోతుంది. బిగింపు రోజు రాసుకున్న నోడ్ ఐడీల జాబితాతో, ఏ నోడ్ ఏ నోడ్‌కు వినిపించాలో తెలిపే పటంతో తప్పక పోల్చి చూడండి.

6. తిరుగులేని నిబంధనలు

ప్రొటోకాల్ ప్రకారం జరగకూడనివి కొన్ని ఉన్నాయి. వాటికి గణాంకాలు అక్కర్లేదు. ముందు ఇవే రాయండి, పట్టుబడేవాటిలో ఎక్కువ ఇక్కడే దొరుకుతాయి.

వెర్షన్ సంఖ్య: ఆర్‌పీఎల్‌లో దాన్ని పెంచే హక్కు రూట్‌కే (దారులన్నీ చేరే సింక్‌కే) ఉంది. రూట్ పెంచకుండా ఎక్కడైనా పెరిగిన సంఖ్య కనిపిస్తే ఎవరో నెట్‌వర్క్ మొత్తాన్నీ మళ్ళీ కట్టించాలని చూస్తున్నట్టే. ప్రతిసారీ అలా కట్టుకోవడంలో అందరి బ్యాటరీ ఖర్చవుతుంది. రూట్ చేసిన ప్రతి గ్లోబల్ రిపేర్‌నూ (నెట్‌వర్క్‌ను మళ్ళీ కట్టించడాన్నీ) లాగ్‌లో రాసుకుంటే ఈ పరీక్ష ఒక్క పోలిక.

ర్యాంక్: పిల్ల నోడ్ ర్యాంక్ తన పేరెంట్ ర్యాంక్ కన్నా కనీసం ఒక మెట్టు ఎక్కువ ఉండాలి. ఆర్‌పీఎల్ ప్రమాణమైన ఆర్‌ఎఫ్‌సీ 6550లో ఆ మెట్టు డీఫాల్ట్ విలువ 256, కొన్ని అమలుల్లో 128గా ఉంటుంది. మీ సోర్స్ కోడ్ చూసి రాయండి. అంతకన్నా తక్కువ చూపే నోడ్ తాను రూట్‌కు దగ్గరగా ఉన్నానని అబద్ధమాడి ట్రాఫిక్‌ను తన వైపు లాక్కుంటోంది. దీన్నే సింక్‌హోల్ అంటారు. అయితే రెండు నోడ్ల సారాంశాలు ఒకే క్షణంలో రావు. పేరెంట్ ర్యాంక్ ఇప్పుడే మారి, పిల్లది పాతదే ఉంటే తప్పుడు అలారం వస్తుంది. వరుసగా రెండు సారాంశాల్లో తేడా నిలిస్తేనే లెక్కలోకి తీసుకోండి.

ఐడీ నకలు: ఒకే ఐడీతో రెండు నోడ్లు తిరుగుతుంటే సింక్‌కు వచ్చే వరుస సంఖ్యలు 5012, 310, 5013, 311, 5014 అంటూ రెండు వరుసలు పెనవేసుకుంటాయి. రీబూట్ అయిన నోడ్‌ది అలా ఉండదు, ఒకసారి పడి అక్కడి నుంచి ఎక్కుతుంది, రీబూట్ల సంఖ్యా పెరుగుతుంది. ఒక గంటలో వరుస సంఖ్య మూడుసార్లకు మించి వెనక్కి పడి మళ్ళీ పాత చోటికి ఎగిరితే నకలు నోడ్ కోసం వెతకండి.

డీఐఎస్ వరద: మల్టీకాస్ట్ (అందరికీ పంపే) డీఐఎస్ వస్తే పక్క నోడ్ల ట్రికిల్ టైమర్ (డీఐఓల మధ్య విరామాన్ని క్రమంగా పెంచేది) మళ్ళీ మొదటికి వస్తుంది, అవన్నీ డీఐఓలు గుప్పిస్తాయి. కనిష్ఠ విరామం 4 సెకన్లు, గరిష్ఠం 17.5 నిమిషాలుగా ఉన్న నెట్‌వర్క్‌లో, స్థిరపడ్డాక ఆరుగురు పొరుగువాళ్ళున్న నోడ్‌కు 10 నిమిషాల్లో మూడు నాలుగు డీఐఓలు రావాలి. 30 దాటితే అసాధారణం. నోడ్ రీబూట్ అయినా డీఐఎస్ పంపుతుంది కాబట్టి రీబూట్ల సంఖ్యతో కలిపి చూడండి.

వార్మ్‌హోల్: దూరంగా ఉన్న రెండు చోట్లను వేరే తీగతోనో వేరే రేడియోతోనో కలిపి ఫ్రేములు మోసుకెళ్తారు. కీ అక్కర్లేదు కాబట్టి ఎన్‌క్రిప్షన్ దీన్ని ఆపదు. పట్టుకోవడానికి పనికొచ్చే సంగతి ఒకటుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో పంపినవాడు ఏసీకే (అందిందని చెప్పే జవాబు) కోసం 864 మైక్రోసెకన్లే ఆగుతాడు. ఒక బైటు గాలిలో 32 మైక్రోసెకన్లు తీసుకుంటుంది కాబట్టి 60 బైట్ల ఫ్రేమును పూర్తిగా అందుకుని అవతల మళ్ళీ పంపడానికే, ముందుండే 6 బైట్లతో కలిపి 2.1 మిల్లీసెకన్లు పడుతుంది. ఏసీకే సమయానికి రాదు. అందువల్ల బ్రాడ్‌కాస్ట్ డీఐఓలు చక్కగా వినిపిస్తాయి, యూనికాస్ట్ (ఒక్క నోడ్‌కే పంపేది) మాత్రం వరుసగా విఫలమవుతుంది. అలాంటి పొరుగు నోడ్, అందునా మీ పటం ప్రకారం వినిపించకూడనిది కనిపిస్తే అనుమానించండి. తెలివైనవాడు ఈ చివరే ఏసీకేను తయారుచేసి పంపుతాడు, భద్రత లేని ఏసీకేలో వరుస సంఖ్య తప్ప మరేమీ ఉండదు కదా. అప్పుడు పటం ఒక్కటే దిక్కు.

మౌనం: వరుసగా మూడు సారాంశాలు రాని నోడ్ పేరు జాబితాకెక్కాలి. నోడ్‌ను ఎత్తుకుపోవడం కూడా దాడే, దాని మొదటి గుర్తు మౌనమే. తిరిగొచ్చిన నోడ్ పోయిన నోడ్ కన్నా అనుమానాస్పదం, ముఖ్యంగా అరగంటకు పైగా మాయమై రీబూట్ సంఖ్య పెరిగి వస్తే.

7. మెల్లగా జరిగే మార్పులకు క్యూసమ్

హద్దు దాటిన ప్రతి విలువకూ అలారం పెట్టారంటే మీరే దాన్ని ఆపేస్తారు. 50 నోడ్లు, 30 సెకన్లకో ప్యాకెట్ అంటే రోజుకు 1,44,000 ప్యాకెట్లు. ప్యాకెట్‌కు 1 శాతం తప్పుడు అలారం రేటు ఉంటే రోజుకు 1,440 అలారాలు. వాటిలో నిజమైనది ఒకటున్నా ఎవరూ చూడరు.

10 నిమిషాల సారాంశం మీద క్యూసమ్ వాడండి. విలువ నుంచి మధ్యగతం తీసేసి సిగ్మాతో భాగించి, దాని నుంచి 0.5 తీసేసి, పోగుకు కలుపుతూ పోండి. పోగు సున్నా కన్నా తగ్గితే సున్నా చేయండి. పోగు హద్దు దాటితే అలారం. పుస్తకాల్లో హద్దు 4 లేదా 5 అని ఉంటుంది. ఒక్క యంత్రానికి అది సరే. 50 నోడ్లు, ఒక్కోదానికి 5 కొలతలు, రోజుకు 144 సారాంశాలు అంటే 36,000 విలువలు. హద్దు 5 అయితే సగటున 940 విలువలకో తప్పుడు అలారం, అంటే రోజుకు 38. హద్దు 8 అయితే రోజుకు రెండు. 10 అయితే నాలుగు రోజులకొకటి. ఇవి గాసియన్ పంపిణీకి, విలువలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉన్నప్పుడు వచ్చే అంకెలు. మీ దగ్గర ఇంకాస్త ఎక్కువే వస్తాయి.

హద్దు 10 చేస్తే చెల్లించే మూల్యం ఆలస్యం. 3 సిగ్మాల మార్పు 40-50 నిమిషాల్లో తెలుస్తుంది, 1 సిగ్మా మార్పుకు మూడు గంటలు దాటుతుంది. ఎక్కువ నెట్‌వర్క్‌లకు ఇది మంచి బేరమే. పెద్ద మార్పులు నిబంధనల్లో ముందే దొరికేస్తాయి.

8. గుర్తులు కలిసిపోయే చోట విడదీయడం

డెలివరీ తగ్గింది అనుకోండి. ఆర్‌ఎస్‌ఎస్‌ఐ కూడా తగ్గి, నాయిస్ ఫ్లోర్ మామూలుగా ఉంటే లింక్ బలహీనపడింది: యాంటెన్నా, బ్యాటరీ, అడ్డం వచ్చిన వస్తువు. ఆర్‌ఎస్‌ఎస్‌ఐ బాగానే ఉండి నాయిస్ ఫ్లోర్ ఎక్కితే జామింగ్ లేదా వైఫై. రెండిటినీ తేల్చడానికి చానల్ మార్చి చూడండి. వైఫై 1, 6, 11 చానళ్ళ మధ్య ఖాళీల్లో పడే 15, 20, 25, 26లో ఇబ్బంది తగ్గితే వైఫై. మైక్రోవేవ్ ఓవెన్ అయితే కరెంటు ప్రతి ఆవృత్తిలో సగభాగమే గోల చేస్తుంది, 50 హెర్ట్జ్ సరఫరా మీద 10 మిల్లీసెకన్లు ఉండి 10 మిల్లీసెకన్లు ఆగుతుంది, వంట అయ్యాక పోతుంది.

రియాక్టివ్ జామర్ తెలివైనది. ప్యాకెట్ మొదలైనప్పుడే పని చేస్తుంది కాబట్టి నాయిస్ ఫ్లోర్ శుభ్రంగా ఉంటుంది. దాని గుర్తు వేరు: ఆర్‌ఎస్‌ఎస్‌ఐ బలంగా ఉన్న ఫ్రేములే సీఆర్‌సీలో విఫలమవుతాయి. సారాంశంలో సీఆర్‌సీ వైఫల్యాలు ఉన్నది ఇందుకే.

కొన్ని ప్యాకెట్లను మాత్రమే మింగే నోడ్‌ను పట్టడానికి దాని మాట నమ్మకండి, దాని కౌంటర్లు అబద్ధమాడవచ్చు. దాని కింద ఉన్న నోడ్లు పంపిన లెక్క ఎంత, సింక్‌కు చేరింది ఎంత అని పోల్చండి. 10 నిమిషాల్లో ఒక్కో నోడ్ నుంచి వచ్చేవి 20 ప్యాకెట్లే. మామూలు నష్టం 2 శాతం, దొంగ నోడ్ మింగేది 10 శాతం అనుకుంటే 0.4కూ 2కూ తేడా తేలదు. గంటలో 120 ప్యాకెట్లకు 2.4 బదులు 12 పోతే మారుమాట ఉండదు. ఈ కొలతకు కిటికీ గంట ఉండాలి.

ఒకే యంత్రం పది పేర్లతో మాట్లాడే సిబిల్ దాడిలో ప్రసార శక్తిని మార్చి ఆర్‌ఎస్‌ఎస్‌ఐని ఎలాగైనా చూపించవచ్చు. రెండు మానిటర్ల మధ్య ఆర్‌ఎస్‌ఎస్‌ఐ తేడా మాత్రం ప్రసార శక్తితో మారదు. వేర్వేరు ఐడీలకు అన్ని మానిటర్ జతల్లోనూ ఆ తేడా 2 డెసిబెల్స్ లోపు ఒకేలా ఉంటే, 30-40 ప్యాకెట్ల సగటు మీద చూసి అనుమానించండి. నిజంగానే పక్కపక్కన బిగించిన నోడ్లను ముందే మినహాయించాలి.

9. నింద వేసేవాళ్ళను లెక్కించండి

ఒక నోడ్ ఇంకో నోడ్ మీద చేసిన ఫిర్యాదు సాక్ష్యం మాత్రమే. దొంగ నోడే మంచి నోడ్ల మీద ఫిర్యాదులు పంపి వాటిని బయటికి గెంటించగలదు. ప్రతి అలారానికీ పాయింట్లు ఇవ్వండి: తిరుగులేని నిబంధనకు 5, క్యూసమ్‌కు 2, పొరుగు ఫిర్యాదుకు 1. ఒకే నోడ్ ఎన్ని ఫిర్యాదులు చేసినా ఒక్కటిగానే లెక్క. గంటకోసారి పాయింట్లు సగం చేయండి. 5 చేరితే మనిషి చూడాలి. 8 చేరితే చర్య తీసుకోవాలి.

10. దాడి మీరే చేసి చూడండి

ముందు కూజా సిమ్యులేటర్‌లో కాంటికి-ఎన్‌జీ (నోడ్ల ఆపరేటింగ్ సిస్టమ్) కోడ్ మార్చి ర్యాంక్ అబద్ధం, వెర్షన్ పెంపు, 10, 30, 100 శాతం మింగడం ప్రయత్నించండి. తర్వాత మీ సొంత నెట్‌వర్క్‌లో ఒక నోడ్‌తో అదే చేయండి. జామింగ్‌ను గాలిలో పరీక్షించకండి, చాలా దేశాల్లో నేరం. రేడియోలను కేబుల్, అటెన్యుయేటర్లతో కలిపి గానీ షీల్డ్ పెట్టెలో గానీ చేయాలి.

రాసుకోవాల్సినవి మూడు: దాడి మొదలైనప్పటి నుంచి అలారం దాకా పట్టిన సమయం, దాడి లేని వారంలో అలారాల సంఖ్య, రేడియో ఆన్ సమయం ఎంత పెరిగింది. ఖచ్చితత్వ శాతం ఒక్కటే రాస్తే ఏమీ తెలియదు. దాడి ప్యాకెట్లు 1 శాతమే అయితే ఏదీ పట్టుకోని ప్రోగ్రామ్ కూడా 99 శాతం సాధిస్తుంది.

మెషిన్ లెర్నింగ్ గురించి అడిగేవాళ్ళకు చెప్పేది ఇంతే. పాత టెలోస్‌బీ తరహా నోడ్‌లో ర్యామ్ 10 కిలోబైట్లు, మోడల్‌కు చోటే లేదు. సింక్‌లో పెట్టుకోవచ్చు, నిబంధనలూ క్యూసమ్ నడిచాకే. కేడీడీ కప్ 99 లాంటి తీగ నెట్‌వర్క్ డేటాతో నేర్పిన మోడల్‌కు ర్యాంక్ అంటే ఏమిటో తెలియదు. మీ సొంత డేటా వాడినా వరుసలను కలగలిపి శిక్షణకూ పరీక్షకూ విడదీయకండి. పక్కపక్క నిమిషాలు శిక్షణలోనూ పరీక్షలోనూ పడి ఫలితాలు అబద్ధంగా మెరుస్తాయి. మొదటి మూడు వారాలతో నేర్పి నాలుగో వారంతో పరీక్షించండి.

11. అలారం నిజమైతే

నోడ్‌ను వెంటనే బ్లాక్‌లిస్ట్‌లో పెట్టే ఆటోమేటిక్ చర్య వద్దు. దాని కింద పది నోడ్లు వేలాడుతుంటే మీరే దాడి పూర్తి చేసినట్టవుతుంది. మొదట ఆ నోడ్‌ను పేరెంట్‌గా ఎంచుకోవద్దని మిగతావాటికి చెప్పండి. అవి వేరే దారి పట్టాయని సింక్‌లో చూశాక ఆ నోడ్ జత కీలను రద్దు చేయండి. ఉమ్మడి కీ ఉంటే దాన్ని మార్చాలి. కొత్త కీని పాత ఉమ్మడి కీతో పంపితే దొంగ కూడా చదువుతాడు కాబట్టి ప్రతి నోడ్ సొంత కీతో విడిగా పంపండి.

నోడ్‌ను తెచ్చాక పవర్ తీయకముందే డీబగ్ పోర్ట్ నుంచి ర్యామ్, ఫ్లాష్ నకలు తీయండి. ఫ్లాష్‌లోని ప్రోగ్రామ్ భాగం హాష్‌ను (వేలిముద్ర లాంటి సంఖ్యను) మీరు విడుదల చేసిన ఫర్మ్‌వేర్ హాష్‌తో పోల్చండి. కౌంటర్లు, సెట్టింగులు ఉండే పేజీలను పోలికలోంచి తీసేయాలి, లేకపోతే ఏ రెండు నోడ్లూ సరిపోవు. నోడ్ తీసేసిన చోట పొరుగు నోడ్ల ట్రాఫిక్ మారిపోతుంది, అందుకే వాటి క్యూసమ్ పోగులను సున్నా చేసి, మధ్యగతాలను మూడు రోజుల పాటు కొత్తగా నేర్చుకోనివ్వండి. ఆ మూడు రోజులూ వాటికి తిరుగులేని నిబంధనలు మాత్రమే నడవాలి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసినా, బ్యాటరీలు మార్చినా ఇదే వరుస.